పండక్కి ఊళ్లో కిడ్నీ క్యాంపు పెడదామనుకుంటున్నాం (కవిటి మండలం), సలహా కావాలి

కవిటి_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో (కిడ్నీ జబ్బు ఎక్కువని పేరుపడ్డ ప్రాంతం) కవిటి మండలం. ఊరి పేరు రాయడం లేదు. మా చిన్నాన్న కూతురికి సంబంధం మాట్లాడుతుంటే అవతలివాళ్లు జాతకంతో పాటు అమ్మాయి క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష) కూడా అడిగారు. ఊరి పేరు వినగానే అడిగేశారు. అదీ మా పరిస్థితి.

నేను విశాఖలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. ఊళ్లో మాకొక యువజన సంఘం ఉంది. వినాయక చవితికి పందిరి, సంక్రాంతికి కబడ్డీ, ముగ్గుల పోటీలు, రాత్రికి ఒక ప్రోగ్రాం, అంతే. ఈసారి గల్ఫ్‌లో వెల్డింగ్ పనుల్లో ఉన్న కుర్రాళ్లు కూడా చందా పంపడంతో ఖర్చులు పోను తొంభై వేలు మిగిలేలా ఉంది. "ఎన్నాళ్లీ మైకుసెట్లు, ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దాం" అని మొన్న అందరూ ఒక మాటకొచ్చారు. మా ఊరికి ఏది పనికొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు కదా. వీధికి ఇద్దరు ముగ్గురికి కిడ్నీ జబ్బు, కొందరు డయాలసిస్‌కి కూడా వెళ్తున్నారు. మా పెదనాన్న ఆ జబ్బుతోనే పోయారు.

మా ప్లాన్ ఇది. ముక్కనుమ నాడు హైస్కూల్లో మెగా క్యాంపు. అప్పటికి వలస వెళ్లినవాళ్లు కూడా ఊళ్లోనే ఉంటారు. టౌన్లో ఒక ల్యాబ్ వాళ్లు తక్కువ రేటుకి క్రియాటినిన్ చేస్తామన్నారు, మూడొందల మందికి చేయించగలం. ఒక డాక్టరు గారు వస్తానన్నారు. టెంటు, ఫ్లెక్సీ, మధ్యాహ్నం భోజనాలు. ఎవరైనా నాయకుణ్ని పిలిచి ఆయన చేతుల మీదుగా రిపోర్టులు ఇప్పించాలని కొందరి పట్టు. ఇంకో ముగ్గురు మాత్రం టెస్టులెందుకు, ఆ డబ్బుతో ఆర్వో ప్లాంటు మొదలుపెడదాం అంటున్నారు.

ఇలాంటి పనుల్లో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. క్రియాటినిన్ ఒక్కటే చాలా, ఇంకేమైనా చేయించాలా? క్యాంపు అయ్యాక ఏం చేయాలి? తిట్టినా పర్వాలేదు, సూటిగా చెప్పండి.

సోంపేట_బీల

తమ్ముడూ, ఆలోచన మంచిదే. ఆర్వో ప్లాంటు జోలికి మాత్రం పోవద్దు. మా పక్క ఊళ్లో ఒకటుంది. పెట్టిన కొత్తలో ఇరవై లీటర్ల డబ్బా పట్టుకోవడానికి క్యూ కట్టేవాళ్లు. తర్వాత నీళ్లు వడపోసే మెంబ్రేన్ పోయింది, మార్చడానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు. ఇప్పుడా గదిలో బ్లీచింగ్ బస్తాలు పెట్టుకుంటున్నారు.

హిరమండలం రిజర్వాయరు నుంచి ఏడు మండలాలకు వంశధార నీళ్లు తెచ్చే పథకం 700 కోట్లతో కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు కదా. కొత్తగా ప్లాంటు ఎందుకు? మీ వీధి కొళాయికి రోజూ నీళ్లు వస్తున్నాయా, చివరి ఇంటిదాకా ప్రెషర్ ఉందా, అది చూసుకోండి. మా వీధిలో కొళాయి వచ్చినా ముసలాళ్లు "ఆ నీళ్లు సప్పగున్నాయిరా" అని మళ్లీ బోరు దగ్గరికే బిందె పట్టుకెళ్తారు. మా అమ్మ కూడా అంతే, చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

టెస్టు చేస్తే ఏముంది, రోగం ఉందని తెలుస్తుంది. రాకుండా ఆపేది నీళ్లే. 2010లో థర్మల్ ప్లాంటుకి అడ్డం నిలబడి బీలని, అదే మా చిత్తడి నేలల్ని, దక్కించుకున్న ఊళ్లు మావి. కొళాయి కోసం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోవడం ఎంత పని?

పాత_నర్సమ్మ

బాబూ, నేను ఏఎన్ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగమంతా పలాస, మందస, సోంపేట వైపే. క్యాంపులు నేను చూసినన్ని నువ్వు కబడ్డీ మ్యాచులు చూసి ఉండవు. సూటిగా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, ఆ క్యాంపు వద్దు.

ముందు ముక్కనుమ సంగతి. కనుమ నాడు ఊరంతా మాంసం వండుకుంటుంది, మర్నాడూ అదే. వండిన మాంసం కడుపునిండా తింటే ఆ తర్వాత కొన్ని గంటల పాటు రక్తంలో క్రియాటినిన్ ఎలాగూ పెరుగుతుంది. దానికి తోడు ఆటలాడి చెమటోడ్చి, నీళ్లు సరిగ్గా తాగకుండా వచ్చి చెయ్యి చాపితే ఇంకాస్త పెరుగుతుంది. బాగున్న మనిషికి కూడా 1.4 అని రాసిచ్చి పండగ పూట ఇంటిల్లిపాదినీ ఏడిపిస్తావు.

తర్వాత ఆ అంకె. రిపోర్టు మీద నార్మల్ ఇంత వరకు అని అచ్చేసి ఉంటుంది, జనం దాన్నే చూసుకుంటారు. పాతికేళ్ల కుర్రాడికి 1.2 వస్తే వాడి కిడ్నీ వడపోత, అదే ఈజీఎఫ్ఆర్ అంటారే, 85 దాకా ఉంటుంది. కంగారేం లేదు. అదే 1.2 అరవై ఏళ్ల ఆడమనిషికి వస్తే లెక్క 52 దగ్గర తేలుతుంది. 60 కంటే తగ్గిందంటే పట్టించుకోవాల్సిందే. ఇద్దరి కాగితాల మీదా అంకె ఒకటే. ఇద్దరూ "మాకు నార్మలే" అనుకుని ఇంటికెళ్తారు. వయసు, ఆడా మగా వేసి ఈజీఎఫ్ఆర్ కూడా లెక్క కట్టి ఇమ్మని ల్యాబ్ వాళ్లని అడగాలి. అయినా మూడొందల మందికి ఒక్క పూటలో ఏ డాక్టరు గారు విడమర్చి చెప్పగలరు? మనిషికి నిమిషం కూడా రాదు.

ఇంకో చిక్కుంది, ఇదే పెద్దది. ఒక్కసారి తగ్గినంత మాత్రాన దీర్ఘకాల కిడ్నీ జబ్బు అని తేల్చరు. మూడు నెలలు దాటాక మళ్లీ చేసి, అప్పటికీ తక్కువే ఉంటేనే ఆ మాట అంటారు. సంక్రాంతికి చేస్తే రెండోసారి ఏప్రిల్ నెలాఖరుకి చేయాలి. అప్పటికి నువ్వు విశాఖలో, మీవాళ్లు గల్ఫ్‌లో, టెంటు వాడు పెళ్లిళ్లలో. ఎవరికి మళ్లీ రక్తం తీయాలో రాసుకున్న కాగితం ఎవరి దగ్గరుంటుంది?

మందస వైపు ఒకింటికి వెళ్లాను ఒకసారి. జీడితోటల్లో పనిచేసే మనిషి, నలభై దాటాయి. కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ చూశాను, 180 మీద ఉంది. ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించారా అంటే వాళ్లావిడ ట్రంకు పెట్టె తెరిచి, పట్టుచీర మడతల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు క్యాంపుల కాగితాలున్నాయి. 1.3, 1.5, 1.9, 2.6. నాలుగూ నాలుగు ల్యాబులవి. ఎవరూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. బీపీ మాత్ర ఒక్కటీ మొదలుపెట్టలేదు. "పిలిస్తే ఎల్లాను, రగతం తీసారు, కాయితం ఇచ్చారు, పులోర పెట్టారు. ఇంకేటి సేస్తారమ్మా" అన్నాడు. ఆ మనిషికి లేనిది పరీక్ష కాదు నాయనా, ఆ నాలుగు కాగితాలనీ ఒక వరసలో పెట్టేవాళ్లు లేరు. మీ సంఘం చేయాల్సిన పని అది.

బీల తమ్ముడు నీళ్లే అన్నాడు. మంచినీళ్లు రావాల్సిందే, కాదనను. కానీ ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా ఒక్క కారణం అని తేలలేదు. పెద్దవాళ్లలో ఐదుగురిలో ఒకరికి దగ్గరగా కిడ్నీ పనితనం తగ్గిందని సర్వేలు చేసినవాళ్లు చెప్పారు. ఇవాళ్టి నుంచి అందరూ కొళాయి నీళ్లే తాగినా ఆ ఐదోవాడి సంగతేంటి? దెబ్బతిన్న కిడ్నీని ఏవి త్వరగా ముంచేస్తాయో మనకు తెలుసు. అదుపులో లేని బీపీ, షుగరు, నొప్పి మాత్రలు, నీళ్లు తాగకుండా ఎండలో పని. ఈ నాలుగూ ఊళ్లోనే ఉన్నాయి, వాటికి టౌన్ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

సాయంత్రం ఆరింటికి మీ ఊళ్లో ఏ కిరాణా కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడు. "నడుం లాగెస్తంది, రెండియ్యి" అంటారు. బిస్కెట్ల సీసాల వెనకాల ఒక రేకు డబ్బా ఉంటుంది. డైక్లోఫెనాక్ ఒకటి, రంగు మాత్ర ఇంకోటి, గ్యాస్‌కొకటి, పేపరు ముక్కలో చుట్టి ఇస్తారు. కొబ్బరికాయలు దింపేవాళ్లు, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, వలలు లాగేవాళ్లు, కొందరైతే అన్నం తిన్నంత నియమంగా రోజూ వేసుకుంటారు. అప్పటికీ తగ్గకపోతే సూది. కిడ్నీ పనితనం తగ్గిన మనిషికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ లాంటివి చాలా చేటు. చెప్పిన మోతాదులో పారాసిటమాల్ నయం. ఈ ఒక్క ముక్క ఊళ్లో ప్రతి ఇంటికీ చేరితే నీ తొంభై వేలూ గిట్టినట్టే.

డబ్బు ఎలా పెట్టాలంటావా? చేతి పైభాగానికి చుట్టే మంచి డిజిటల్ బీపీ మిషన్లు రెండు కొనండి. గట్టి అట్ట రిజిస్టరు ఒకటి. వీధికి ఒక మనిషిని ఎంచుకోండి, పదో తరగతి చదివితే చాలు. కోడళ్లయితే మేలు, కుర్రాళ్లు ఈ నెల ఉంటే వచ్చే నెల చెన్నైలో ఉంటారు. ఒడియా మాట్లాడే ఇళ్లుంటే ఆ భాష వచ్చిన అమ్మాయి ఒకరు ఉండాలి. ముప్పై దాటిన అందరికీ నెలకోసారి ఇంటి దగ్గరే బీపీ చూసి రాయాలి. ఎక్కువుంటే ఆశా ద్వారా విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (అక్కడ చూసే ఆరోగ్య సిబ్బంది) దగ్గరికి, అక్కణ్నుంచి పీహెచ్‌సీకి పంపాలి. మాత్రలు అక్కడ ఉచితమే. జనం మాత్రలు మానేసేది డబ్బు లేక కాదు, "బీపీ తగ్గిపోయింది కదా" అని. నెల నెలా ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి అడిగితే మానరు.

క్రియాటినిన్ కూడా చేయించండి, కానీ వారానికి ఇరవై మంది చొప్పున, పొద్దున్నే, ముందురోజు రాత్రి మాంసం తినొద్దని చెప్పి. తగ్గినవాళ్ల పేరు పక్కన మళ్లీ ఎప్పుడు తీయాలో తేదీ రాయాలి. ఇంకేమైనా టెస్టు చేయించాలా అని అడిగావు. షుగర్ చేయించు. మూత్రంలో పట్టీ ముంచి చూసే పరీక్ష చవక కదా, అదొక్కటీ చాలనుకోవద్దు. మన దగ్గర జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. పట్టీ బాగుందంటుంది, రక్తం బాగోలేదంటుంది.

ఇక నాయకుల చేతుల మీదుగా రిపోర్టులా? చెల్లెలి సంబంధం సంగతి నువ్వే రాశావు కదా నాయనా. మైకులో పేరు పిలిచి కాగితం ఇస్తే ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లల గతేంటి? రిజిస్టరు ఆశా దగ్గరే ఉండాలి. మీ వాట్సాప్ గ్రూపులోకి ఎవరి అంకె కూడా రాకూడదు. కొన్ని ఇళ్లకి నేను చీకటి పడ్డాక పెరటి దారిన వెళ్లేదాన్ని, ఇందుకే.

డయాలసిస్_టెక్

నర్సమ్మ గారు చెప్పిందంతా కరెక్టు. నేను జిల్లాలోనే ఒక డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్‌ని. మా వైపు నుంచి కొన్ని.

డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. చికిత్స ఉచితం, నెలకి 10,000 పింఛను వస్తుంది. అయినా చాలామంది రెండుసార్లే వస్తారు. ఆటో ఖర్చు, తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోవడం, ఇవీ కారణాలు. ఆదివారం దాటి సోమవారం వచ్చేసరికి ఒళ్లంతా నీరు, ఆయాసం, పడుకోలేరు. ఒకే ఊరి నుంచి నలుగురైదుగురు వస్తుంటే అందరికీ ఒకే షిఫ్టు ఇమ్మని అడగండి. బెడ్లు చూసుకుని సర్దుతారు. అప్పుడు ఒకే ఆటో, తోడుకి ఒకరిద్దరు చాలు. మీ సంఘం నెలకి ఆ ఆటో కిరాయి కట్టినా గొప్ప సాయమే. ఊరి తరఫున వచ్చి ఇలా అడిగినవాళ్లని నేను చాలా తక్కువ చూశాను.

ఇంకోటి కొబ్బరి బొండాం. మన దగ్గర పేషెంటుని చూడ్డానికి ఎవరొచ్చినా బొండాలు కొట్టి తెస్తారు, చలవ చేస్తుందని. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఎక్కువ. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి అది ఒంట్లోంచి బయటికి పోదు. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. పనసపండు, అరటిపండు కూడా డాక్టరుని అడిగే తినాలి. ఉద్దానంలో చెట్టు కిందే ఉండి ఇది తాగకు అంటే ఎవరికీ నచ్చదు, కానీ చెప్పి తీరాలి. కిడ్నీ బాగున్నవాళ్లు ఎండలో పనిచేసి తాగడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఈ తేడా మీ వీధి వాలంటీర్లకి బాగా వంటబట్టాలి.

బీపీ మిషన్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవాళ్లకి మొదటిరోజే చెప్పాల్సింది ఒకటుంది. డయాలసిస్ వాళ్లకి ఒక చేతికి ఫిస్టులా (రక్తనాళాలు కలిపే) ఆపరేషన్ చేసి ఉంటుంది, తాకితే జుయ్యిమని తెలుస్తుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయకూడదు. ఫిస్టులా మూసుకుపోతే మళ్లీ ఆపరేషనే.

కవిటి_కుర్రోడు

చాలా థ్యాంక్స్ అండీ. మాంసం సంగతి, 1.2 లెక్క నిజంగా ఎవరూ చెప్పలేదు. రాత్రి గ్రూపులో నర్సమ్మ గారి పోస్టు చదివి వినిపించాను. సగం మంది సరే అన్నారు. మిగతా సగం మంది మాట ఇది: "క్యాంపు పెడితే ఫోటో ఉంటుంది, వీడియో ఉంటుంది. చందా ఇచ్చినవాడికి రిజిస్టరులో పేజీ ఫోటో తీసి పంపుతామా? పైగా చూపించకూడదంట. వచ్చే ఏడు ఎవడిస్తాడు?" కొట్టిపారేయలేని మాటే. కువైట్‌లో ఉన్నవాడు ఎండలో నిలబడి సంపాదించి పంపాడు, ఏం చేశారో అడుగుతాడు కదా.

రెండోది టెన్షన్ వ్యవహారం. మా ఊళ్లో ఆ రేకు డబ్బా ఉన్న కొట్టు మా సంఘం సెక్రటరీ వాళ్ల మావయ్యది. సూదులు వేసే ఆయన కూడా అందరికీ కావాల్సిన మనిషే. అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనొక్కడే. వీళ్లతో గొడవ పెట్టుకుంటే ఊళ్లో ఈ పని సాగదు. ఏం చేయమంటారు?

విజయనగరం_పీజీ

నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను, మాది విజయనగరం. కారణం తేలలేదని నర్సమ్మ గారు అన్నారు కాబట్టి నాదొక మనవి. ఫ్లెక్సీ వేసినా, కరపత్రం వేసినా 'నీళ్ల వల్లే కిడ్నీ జబ్బు' అనో 'ఎరువుల వల్లే' అనో అచ్చేయకండి. శ్రీలంకలో అనూరాధపుర వైపు, మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు పొలాల్లో కూడా మన ఉద్దానం లాంటి జబ్బే ఉంది, అక్కడా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. కానీ కారణం తేలనీ అని వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. నికరాగ్వాలో చెరకు నరికే కూలీలకి పనివేళల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి మూడూ కచ్చితంగా అందేలా చేశారు. అవి బాగా అమలైన చోట పనివాళ్ల కిడ్నీలు దెబ్బతినడం తగ్గిందని పరిశోధకులు రాశారు.

మన దగ్గర జీడి ఏరేది మార్చి నుంచి మే దాకా, నడి ఎండల్లో. మీ ఊళ్లో కూలికి ఎన్నింటికి వెళ్తారు, ఎన్నింటికి వస్తారు? తోటలో నీళ్లు ఎవరు తెస్తారు? ఎవరి సీసా వాళ్లదేనా? ఆడవాళ్లు మరుగు లేదని నీళ్లు తాగడం తగ్గిస్తున్నారా? ఇవి మీరు అడిగితేనే తెలుస్తాయి. తోట యజమానులతో మాట్లాడి తెల్లారకముందే పని మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగేలా ఒప్పిస్తే దానికి రూపాయి ఖర్చుండదు. తొంభై వేలలో నీళ్ల డ్రమ్ములకి, టార్పాలిన్లకి పోయేది ఎంత?

ఊరివాళ్లే ఊరి ఆరోగ్యం చూసుకోవడం కొత్తేమీ కాదు. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే అనే డాక్టరు దంపతులు పని మొదలుపెట్టి, పల్లె ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. అయినా పిల్లల తూకం, కాన్పులు, బీపీ అన్నీ చూశారు. మన ఆశాలు వచ్చింది 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో. కాబట్టి కోడళ్లకి ఏం తెలుస్తుందని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

సోంపేట_బీల గారికి కూడా ఒక మాట. కొళాయి నీళ్లు వస్తే సరిపోదు, చివరి కొళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోపు అని చిన్న పెట్టె ఉంటుంది, రెండు నిమిషాల్లో తెలుస్తుంది. 2024 అక్టోబరులో మా జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోవడం బాగున్న కిడ్నీకే దెబ్బ, మీ ఊళ్లో అయితే చెప్పక్కర్లేదు. ప్రతి వీధి వాలంటీరు సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి.

డబ్బు సంగతి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి మీ పంచాయతీలో కాగితాల మీద ఉండే ఉంటుంది. ఏడాదికి 10,000 దాకా అన్‌టైడ్ ఫండ్ (ఫలానా దానికే అని కట్టుబాటు లేని డబ్బు) దానికి ఇవ్వొచ్చని రూలు. సర్పంచ్ గారిని, ఏఎన్ఎం గారిని అడగండి. ఎక్కువ కాదు, కానీ ఆ కమిటీ మీటింగులో కూర్చుంటే మీ రిజిస్టరుకి ఒక ఆధారం దొరుకుతుంది.

సోంపేట_బీల

క్లోరోస్కోపు పేరు ఇప్పుడే విన్నాను. మా పంచాయతీలో అడుగుతా. కానీ పీజీ గారూ, "కారణం తేలలేదు" అన్న మాట పైవాళ్లకి భలే చుట్టం. కారణం తేలలేదంటూనే ఎన్ని ప్రభుత్వాలు మారాయో చూస్తున్నాం. నీళ్ల మీద అడగడం ఆపితే రేపు ఆ కొళాయి కూడా ఉండదు. మీరు టార్పాలిన్లు కట్టండి, మేం బిందెలు పట్టుకుని కూర్చుంటాం. రెండూ జరగనీండి.

పాత_నర్సమ్మ

జరగనీ బాబూ, ఎవరొద్దన్నారు. మీ అమ్మని మాత్రం బోరు దగ్గరికి పంపకు. కొళాయి నీళ్లు కుండలో పోసి పెట్టు, మర్నాటికి క్లోరిన్ వాసన పోతుంది, తాగుతుంది.

కవిటి బాబూ, కొట్టు గొడవ గురించి. నువ్వు వెళ్లి ఆ మావయ్యతో "అమ్మొద్దు" అనకు. ఆయన అమ్మకపోతే ఇంకోడు అమ్ముతాడు. "మావా, డైక్లోఫెనాక్ అడిగినవాళ్లకి పారాసిటమాల్ ఇయ్యి, వారంలో మూడోసారి అడిగితే పేరు మా వీధి వాలంటీరు అమ్మాయికి చెప్పు" అను. బేరం పోదు, మర్యాదా పోదు. కిడ్నీ జబ్బు తేలిన ఇళ్లలో వాళ్లకి ఎర్ర కార్డు ఒకటి చేయించి ఇవ్వండి, జేబులో పట్టేంత. దాని మీద 'నాకు నొప్పి మాత్ర, నొప్పి సూది వద్దు' అని ఉండాలి, జబ్బు పేరు ఉండకూడదు. సూది వేసే ఆయన ఆ కార్డు చూస్తే ఆగుతాడు. ఆయనకీ భయం ఉంటుంది, తన చేతిలో ఏమైనా అయితే పేరు పోతుందని. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి పీహెచ్‌సీ డాక్టరు గారితో మాట్లాడించండి. మైకు పెట్టి తిడితే శత్రువవుతాడు. ఆయన దగ్గరకొచ్చే బీపీ మనుషుల్ని మీ రిజిస్టరుకి పంపడం మొదలుపెడితే మీకు సగం పని తప్పుతుంది.

కువైట్ అబ్బాయికి ఏం పంపాలంటావా, లెక్క పంపు. పేర్లు వద్దు. ఈ నెల ఎంతమందికి బీపీ చూశాం, ఎంతమందికి ఎక్కువుంది, అందులో ఎంతమంది మాత్రలు వేసుకుంటున్నారు, డయాలసిస్ ఆటో ఎన్ని ట్రిప్పులు వెళ్లింది. నాలుగు వరసలు చాలు. మూడు నెలలయ్యాక పోయిన నెలదీ ఈ నెలదీ పక్కపక్కన పెట్టి పంపు. ఫోటో కావాలంటే తోటలో టార్పాలిన్ కింద కూర్చుని గంజి తాగుతున్న వాళ్లది పంపు, వాళ్లు సరేనంటేనే. రోగి ఫోటో మాత్రం వద్దు.

తుపాను సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ మన మీదే వచ్చింది. కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డం పడ్డాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మనకి ఇంటి పైకప్పు ఎగిరిపోతుందేమోనని భయం, డయాలసిస్ మనిషికి ఎల్లుండి మిషన్ మీద పడుకోలేకపోతే ఏమవుతుందోనని భయం. వాళ్లెవరో, ఏ సెంటరో, ఏ రోజులో, ఒక పేజీ ఆ రిజిస్టరు ముందే ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే ఒకరోజు ముందే డయాలసిస్ చేయించి, టౌన్లో చుట్టాలింట్లో దించిరావాలి. అది కుర్రాళ్ల పని, బైకులున్నది మీకే. అక్టోబరు, నవంబరు నెలల్లో వంతులు వేసుకోండి.

కవిటి_కుర్రోడు

అప్‌డేట్. నిన్న రాత్రి మీటింగు పదకొండు దాకా నడిచింది. మెగా క్యాంపు లేదు. అలాగని ముక్కనుమ నాడు ఏమీ లేకుండా ఉండలేమన్నారు, కాబట్టి ఆ రోజు బీపీ, షుగర్ మాత్రమే చూస్తాం. రక్తం తీసి క్రియాటినిన్ చేయడం ఫిబ్రవరిలో మొదలు, నెలకి ఒక వీధి చొప్పున. వారానికి ఇరవై మంది అంటే ల్యాబ్ వాడు రానన్నాడు, నెలకొకసారి యాభై మందైతే వస్తానన్నాడు. ఈజీఎఫ్ఆర్ రాసివ్వడానికి ఒప్పుకున్నాడు. ఆశా అక్క మొదట "నా మీద ఇంకో రిజిస్టరా" అని మొహం మాడ్చుకుంది, నిజమే పాపం, ఆవిడ రాసేవి ఇప్పటికే చాలా ఉన్నాయి. వీధి అమ్మాయిలే రాస్తారు, మీరు దగ్గర పెట్టుకుంటే చాలన్నాక ఒప్పుకుంది. ముగ్గురు కోడళ్లు ముందుకొచ్చారు. ఒకామె వాళ్లత్తగారిని ఒప్పించే పనిలో ఉంది.

డయాలసిస్ ఆటోకి నెలకి ఇంత అని పక్కన పెట్టాం. టెక్ గారూ, మా వాళ్లు ఐదుగురిలో ముగ్గురు ఒక సెంటరు, ఇద్దరు ఇంకో సెంటరు. షిఫ్టు సంగతి సోమవారం వెళ్లి అడుగుతాం. తోట యజమానుల్లో ఒక్కరే ఐదున్నరకి పని మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ఎండలొచ్చాక చూద్దాం అన్నారు. నాయకుణ్ని పిలవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, దాని మీద ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు.

ఒక చిన్న డౌట్. నిన్న ఒక మిషన్ తెచ్చి అందరం సరదాగా చూసుకున్నాం. మా కబడ్డీ కెప్టెన్‌కి 150 పైన చూపించింది, వాడు ఏనుగులా ఉంటాడు. బక్కగా ఉన్న మా నానమ్మకి 98 చూపించింది. మిషన్ తేడానా?

డయాలసిస్_టెక్

మిషన్ బాగానే ఉండొచ్చు, పట్టీ సైజు చూడండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, సన్నటి చేతికి పెద్ద పట్టీ అయితే తక్కువ. పెద్దది, చిన్నది పట్టీలు విడిగా దొరుకుతాయి, మీ మిషన్ కంపెనీవే కొనండి. చొక్కా మీద చుట్టొద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆన్చి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, మాట్లాడనివ్వకుండా రెండుసార్లు చూడాలి. మీ కెప్టెన్‌కి పెద్ద పట్టీతో మళ్లీ చూసి, అప్పటికీ 140 దాటితే ఇంకో రెండు రోజులు వరసగా చూడండి. తగ్గకపోతే మీ రిజిస్టరులో మొదటి పేరు వాడిదే రాయండి. నానమ్మ గారు ఇప్పటికే బీపీ మాత్ర వేసుకుంటున్నారేమో అడగండి. వేసుకుంటూ లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే మాత్ర మీరు ఆపొద్దు, ఆ 98 రాసిన కాగితం పట్టుకుని రేపే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి.